ఇంట్లో ఖాళీగా ఉన్న డెస్క్‌టాప్‌ను ఏ మంచి పనికి వాడవచ్చు?

పర్లాకిమిడి దుకాణదారు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా ఇంట్లో పదేళ్లు దాటిన డెస్క్‌టాప్ కంప్యూటర్ ఒకటి ఖాళీగా ఉంది. దుకాణం లెక్కలన్నీ ఒకప్పుడు దానిలోనే రాసేవాళ్లం. దుకాణం మా పెద్దబ్బాయి చేతికి వచ్చాక అతడు ల్యాప్‌టాప్ కొనుక్కోవడంతో ఇది మూలకు చేరింది. ఇంటెల్ ఐ3 నాలుగో తరం ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, 18.5 అంగుళాల ఎల్‌ఈడీ మానిటర్, విండోస్ 10 దీనిలో ఉన్నవి. స్విచ్ వేస్తే పనిచేస్తుంది కాని, తెర పూర్తిగా సిద్ధమయ్యేసరికి చాలాసేపు పడుతుంది. వేసిన ప్రతిసారీ తేదీ ఏదో పాత సంవత్సరానికి పోతుంది, ఆపైన ఏ వెబ్‌సైటు తెరవబోయినా భద్రత లేదని హెచ్చరిక వస్తుంది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది.

అమ్ముదామని కనుక్కుంటే పాత సామాను కొనేవాళ్లు చెప్పిన ధర వింటే అమ్మబుద్ధి కాలేదు. పారేయడానికీ మనసు ఒప్పడం లేదు. ఇంట్లోనే అందరి ఫైళ్లూ దాచి పంచే సర్వర్‌లాగా వాడుకోవచ్చని ఒకరు, పరిశోధనశాలల లెక్కలకు దాని శక్తిని దానం చేయవచ్చని మరొకరు చెప్పారు. మా వీధి రామమందిరం పక్క గదిలో ఒక పుస్తకాల బీరువా ఉంది, సాయంత్రాలు పిల్లలు అక్కడ చేరి చదువుకుంటారు. అక్కడ పెడితే బాగుంటుందేమోనని మా ఆవిడ అభిప్రాయం. మూడు నాలుగు వేల వరకు ఖర్చు పెట్టగలను, అంతకు మించి పెట్టడం నాకు ఇష్టం లేదు. వానాకాలంలో మా వైపు కరెంటు ఎలా ఉంటుందో మీలో చాలామందికి తెలుసు. విండోస్‌కు బదులుగా వాడే లైనక్స్ అనే మాట వినడమే గాని ఎప్పుడూ వాడలేదు. దేనికి వాడితే ఈ యంత్రం నిజంగా పదిమందికి పనికొస్తుందో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

బరంపురం మరమ్మతుదారు:

నమస్కారమండి. దేనికి వాడాలన్నది తరువాత చూద్దాం, ముందు ఆ యంత్రాన్ని వాడదగిన స్థితికి తేవాలి. నా దగ్గరికి వచ్చే పాత సిస్టంలలో సగానికి సగం పాడైనవి కావు, నెమ్మదించినవి మాత్రమే.

తేదీ వెనక్కి పోవడానికి కారణం మదర్‌బోర్డు మీద ఉండే నాణెం ఆకారపు బ్యాటరీ అయిపోవడమే. సీఆర్2032 అని అడిగితే గడియారాల దుకాణంలో కూడా ఇస్తారు. వెబ్‌సైటు తనను తాను రుజువు చేసుకోవడానికి చూపే ధ్రువపత్రానికి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది. మీ కంప్యూటర్ ఇంకా పాత సంవత్సరంలోనే ఉన్నాననుకుంటే, ఇంకా మొదలుకాని గడువు గల పత్రాన్ని అది నమ్మదు. అందువల్ల మీరు చెప్పిన రెండు బాధలూ ఒకే బ్యాటరీతో పోతాయి.

నెమ్మదితనానికి అసలు కారణం ప్రాసెసర్ కాదు, లోపల తిరిగే హార్డ్ డిస్క్. దాని స్థానంలో తిరిగే భాగాలు లేని 240 లేదా 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టించండి. ఈ ఒక్క మార్పుతో వచ్చే తేడా ఇంకే ఖర్చుతోనూ రాదని గట్టిగా చెప్పగలను. డబ్బు మిగిలితే వాడిన డీడీఆర్3 ర్యామ్ 4 జీబీది ఇంకొకటి చేర్చండి. అది కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది, ఆ తరం బోర్డుల్లో సాధారణంగా ఇంకొక స్లాటు ఖాళీగానే ఉంటుంది. క్యాబినెట్ విప్పినప్పుడే దుమ్ము దులిపించి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు తుడిచి కొత్తది రాయించండి. కొత్త ప్రాసెసర్, కొత్త గ్రాఫిక్స్ కార్డు అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, మీరు చెప్పిన మొత్తం దాటిపోతుంది, ప్రయోజనమూ అంతంతే.

ఇక విండోస్ సంగతి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు భద్రతా నవీకరణలు ఆగిపోయాయి. ఇళ్లలో వాడేవారికి ఇచ్చిన పొడిగింపు కూడా 2026 అక్టోబర్ 13 వరకేనని ప్రకటించారు. విండోస్ 11కు ఇంటెల్‌లో సుమారుగా ఎనిమిదో తరం నుంచి మొదలయ్యే ప్రాసెసర్లు, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, మీ నాలుగో తరం యంత్రం ఆ జాబితాలో లేదు. అడ్డదారిలో ఎక్కించేవాళ్లు ఉన్నారు గాని, పదిమంది కూర్చునే యంత్రానికి ఆ పని నేను చేయను. దీనికి లైనక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన రకం సరిపోతుంది. కనీసం 2 జీబీ, హాయిగా నడవడానికి 4 జీబీ ర్యామ్ చాలు. 22వ వరుస మింట్‌కు 2029 ఏప్రిల్ వరకు నవీకరణలు వస్తాయి. కింద ఎడమ పక్క మెనూ, మధ్యలో ఫోల్డర్లు, పైమూల గుణకారపు గుర్తు అన్నీ మీకు అలవాటైన చోటే ఉంటాయి, కనుక భయపడవలసినది ఏమీ లేదు. పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూసి, నచ్చిన తరువాతే ఎక్కించుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. దుకాణం లెక్కలు ట్యాలీలో ఉన్నట్లయితే అది నేరుగా లైనక్స్ మీద నడవదు. పాత సంవత్సరాల లెక్కల బ్యాకప్ తీసి మీ అబ్బాయి ల్యాప్‌టాప్‌లో తెరుచుకుంటున్నదో లేదో చూసుకున్న తరువాతే పాత డిస్క్‌ను కదిలించండి.

జయపురం నెట్‌వర్కు మనిషి:

పై సలహాలన్నీ బాగున్నాయి. నా ఓటు మాత్రం ఇంటి సర్వర్‌కే. ఇంట్లో నలుగురికి నాలుగు ఫోన్లు ఉంటే ఫొటోలు నాలుగు చోట్ల చెదిరి ఉంటాయి, ఒక ఫోన్ పోతే అందులోని పెళ్లి ఫొటోలు, పిల్లల ఫొటోలు దానితోనే పోతాయి. డెస్క్‌టాప్‌ను రౌటర్‌కు తీగతో కలిపి, సింక్‌థింగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుంటే ఇంటి వైఫై పరిధిలోకి వచ్చిన ప్రతి ఫోన్ నుంచీ ఫొటోలు వాటంతట అవే దానిలోకి చేరతాయి. నెలనెలా క్లౌడ్ చందా కట్టే పని ఉండదు. సాంబా అనే సాఫ్ట్‌వేర్ ద్వారా ఒక ఫోల్డరును ఇంట్లో అందరూ పంచుకోవచ్చు, జెల్లీఫిన్ వేస్తే అందులో దాచిన వీడియోలను టీవీలో చూడవచ్చు. అన్నీ ఒకేచోట సర్దిపెట్టుకోవాలంటే డెబియన్ అనే లైనక్స్ ఆధారంగా తయారైన ఓపెన్ మీడియా వాల్ట్ ఉంది, దానికి తెర, కీబోర్డు కూడా అక్కరలేదు, ఫోన్‌లోని బ్రౌజర్ నుంచే నడపవచ్చు.

యంత్రం మొదలయ్యేటప్పుడు తెరవగల అమరికల తెర అయిన బయోస్‌లో వెతికితే కరెంటు పోయి వచ్చాక యంత్రం తనంతట తానే మళ్లీ మొదలయ్యే ఏర్పాటు కూడా ఉంటుంది. అది పెట్టుకుంటే మన ప్రాంతపు కరెంటుతోనూ నెట్టుకురావచ్చు. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి. సర్వర్‌లో ఉన్నదొక్కటే ప్రతి అయితే దానిని బ్యాకప్ అనడానికి వీల్లేదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను మీ గజపతి జిల్లాను ముంచెత్తినప్పుడు ఇంట్లో ఒకేచోట ఉన్నవన్నీ ఒకేసారి తడిశాయి. ముఖ్యమైన వాటి ఇంకొక ప్రతిని వేరే ఊళ్లో ఉన్న బంధువుల ఇంట్లో ఒక డిస్క్‌లో ఉంచాలి.

రాయగడ నుంచి ఒక గృహిణి:

జయపురం వారు చెప్పిన పనులన్నీ మంచివే గాని, వాటికి ఈ యంత్రమే తగినదా అన్నది నా సందేహం. మా ఇంట్లోనూ ఇలాంటి వయసున్న డెస్క్‌టాప్‌నే రాత్రింబవళ్లు నడిపి చూశాము, అందుకని చెబుతున్నాను. తెర ఆపేసి, ఏ పనీ చేయకుండా ఉన్నప్పుడు కూడా ఇటువంటి సిస్టం సుమారు 40 వాట్లు తీసుకుంటుంది. అంటే రోజుకు దాదాపు ఒక యూనిట్, నెలకు 30 యూనిట్లు. నలుగురి ఫొటోలు రోజుకు పది నిమిషాలు అందుకోవడానికి మిగిలిన ఇరవై మూడు గంటల యాభై నిమిషాలు మెలకువగా ఉంచడం నాకు సబబుగా తోచలేదు. అదే పనిని అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై వంటి బోర్డు నాలుగైదు వాట్లతో చేస్తుంది. సర్వరే కావాలనుకునేవారు అటువైపు చూడడం మేలు. లేదా రాత్రి ఒక గంటసేపు మాత్రమే వేసి, ఫొటోలు దింపుకొని, ఆపేసే పద్ధతి పెట్టుకోవచ్చు.

పరిశోధనలకు యంత్రశక్తిని దానం చేయడం గురించి ప్రశ్నలో ఉంది కదా. ఫోల్డింగ్ ఎట్ హోమ్ వంటివి గొప్ప పనులే. అయితే ఆ పని చేసేటప్పుడు ప్రాసెసర్ నిలువునా వేడెక్కి కరెంటు ఇంకా ఎక్కువ తాగుతుంది, ఇంత పాత ప్రాసెసర్ ఒక యూనిట్‌కు చేసే లెక్కలు కొత్తవాటితో పోలిస్తే చాలా తక్కువ. మన బిల్లు పెరగడమే గాని వారికి ఒరిగేది కొంచెమే.

మీ ఆవిడ గారి ఆలోచనే నాకు నచ్చింది. మనిషి ముందు కూర్చున్నప్పుడు మాత్రమే వెలిగే పని ఏదైనా దీనికి తగినదే.

గుణుపురం మాస్టారు:

రాయగడ అమ్మగారి మాటతో ఏకీభవిస్తూ, ఒక ఉపాధ్యాయుడిగా నేను చూస్తున్నది కాస్త వివరంగా రాస్తాను.

మన పిల్లల చేతుల్లో ఫోన్లు ఉన్నాయి, చదువుకు కావలసిన వీడియోలూ వాటిలోనే చూస్తున్నారు. కాని వారు రాయబోయే పరీక్షలు ఫోన్ మీద జరగవు. జేఈఈ మెయిన్‌లో ఇంజనీరింగ్ ప్రవేశానికి రాసే పేపరు, స్టాఫ్ సెలక్షన్ కమిషన్, రైల్వే, బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు కంప్యూటర్ ముందు కూర్చొని, మౌస్ పట్టుకొని రాయవలసినవి. జేఈఈలో సంఖ్యా రూపంలో జవాబు ఇవ్వవలసిన ప్రశ్నలకు తెరమీద కనబడే అంకెల పలకను మౌస్‌తో నొక్కాలి. పల్లె నుంచి వచ్చిన కుర్రవాడు, లెక్క తెలిసి కూడా, బాణం గుర్తును సరైన గడిలో నిలపడానికి తడబడతాడు. ప్రశ్న పొడుగైతే పేజీని కిందికి జరపాలని తోచక, సగమే చదివి జవాబు గుర్తించే పిల్లలు కూడా ఉన్నారు. మూడు గంటల పరీక్షలో ఆ తడబాటు ఖరీదు ఎన్ని మార్కులో ఊహించుకోండి. ఇది తెలివికి సంబంధించిన లోటు కాదు, కొన్ని వారాల అలవాటుతో తీరిపోయేది. నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ వెబ్‌సైటులో నమూనా పరీక్షలు అసలు పరీక్ష తెరను పోలినట్లే ఉంటాయి, వాటిని ఉచితంగా రాయవచ్చు. మీ 18.5 అంగుళాల మానిటర్ అందుకు చక్కగా పనికొస్తుంది, ఐ3 ప్రాసెసర్‌కు అది బరువైన పని కూడా కాదు.

టైపింగ్ ఇంకొకటి. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వారి సీహెచ్‌ఎస్‌ఎల్‌లో క్లర్కు ఉద్యోగాలకు ఇంగ్లీషులో నిమిషానికి 35 మాటలు కొట్టగలగాలి. ఫోన్ మీద బొటనవేళ్లతో ఎంత వేగంగా కొట్టినా అది ఇక్కడ చెల్లదు. టైపింగ్ ఇన్‌స్టిట్యూట్లు అన్ని ఊళ్లలోనూ మిగిలి లేవు. పాతదైనా మంచి కీబోర్డు ఒకటి, రోజుకు అరగంట చొప్పున కూర్చునే వరుస ఒకటి ఉంటే చాలు.

ప్రసంగవశాత్తు సరిహద్దు పిల్లల తల్లిదండ్రులకు ఒక సంగతి చెప్పాలి. జేఈఈ మెయిన్ ప్రశ్నపత్రం 13 భాషల్లో ఉంటుంది గాని, తెలుగు పత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాల్లోనే ఇస్తారు, ఒడియా పత్రం ఒడిశా కేంద్రాల్లోనే ఇస్తారు. ఆంధ్రలోని పాతపట్నంలో తెలుగు మాధ్యమంలో చదివి పర్లాకిమిడిలో ఉంటున్న విద్యార్థి దరఖాస్తులో ఒడిశాలోని బరంపురం కేంద్రం ఎంచుకుంటే తెలుగు పత్రం అందదు. దరఖాస్తు నింపేటప్పుడే ఇది గమనించుకోవాలి. ఫోన్‌లో హడావుడిగా నింపే దరఖాస్తుల్లో ఇటువంటివి దాటిపోతుంటాయి, పెద్ద తెర మీద ఒక పెద్దమనిషి పక్కన కూర్చొని నింపితే కంటబడతాయి.

రామమందిరం గదిలో పెట్టేటట్లయితే యంత్రం కంటే ముందు మనిషిని వెతకండి. తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఎవరు తెరుస్తారు, ఇద్దరు పిల్లలు ఒకేసారి కావాలంటే ఎవరు తీర్పు చెబుతారు అన్నవి తేలకపోతే, ఎంత మంచి సిస్టం అయినా నెల తిరిగేసరికి సినిమా పాటలకో, దుమ్ముకో అంకితమవుతుంది. మా బడిలో ఇది కళ్లారా చూశాను. ఇంటర్ చదివే ఒక అమ్మాయికి ఆ బాధ్యత అప్పగించిన తరువాతే మా గది దారిలో పడింది.

సిరొంచ నుంచి:

మాది గడ్చిరోలి జిల్లాలో ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు. ఇక్కడి బడి మరాఠీ, ఇంటి మాట తెలుగు. మాకు కరెంటు కంటే నెట్ పెద్ద సమస్య, అందుచేత నెట్ లేకుండా నడిచే ఏర్పాటు గురించి చెబుతాను.

కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 2007 నుంచి ఉంది. మొత్తం వికీపీడియాను ఒకే ఫైలుగా దించుకొని, తరువాత నెట్ లేకుండానే చదువుకోవడానికి అది వీలు కల్పిస్తుంది. బొమ్మలతో సహా ఇంగ్లీషు వికీపీడియా 100 జీబీకి పైమాటే, 256 జీబీ డిస్క్‌లో అది పట్టినా ఇతర పనులకు చోటు ఇరుకవుతుంది. తెలుగు, ఒడియా, మరాఠీ వికీపీడియాలు దానితో పోలిస్తే చాలా చిన్నవి, మూడూ వేసుకోవచ్చు. ఇంగ్లీషుకు బొమ్మలు లేని రకమో, ఎంపిక చేసిన వ్యాసాల రకమో తీసుకోవడం నయం. కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ విజ్ఞాన ప్రయోగాలు కూడా ఇలాగే దొరుకుతాయి. విద్యుత్ వలయం, లోలకం వంటివి పిల్లలు తెరమీద తామే కలిపి, కదిలించి చూడవచ్చు. ప్రయోగశాల లేని బడులకు దీనికి మించిన వస్తువు నాకు కనబడలేదు.

ఇందులో ఇంకొక సౌకర్యం ఉంది. ఎవరి ఇంట్లోనైనా వాడకుండా పడి ఉన్న పాత వైఫై రౌటర్‌ను ఈ కంప్యూటర్‌కు తీగతో కలిపితే, నెట్ కనెక్షన్ లేకపోయినా గదిలో ఉన్న పిల్లలు తమ ఫోన్లలో అదే సమాచారాన్ని తెరుచుకోవచ్చు. కంప్యూటర్ ఒకటే అయినా ఒకేసారి పదిమంది చదువుకోగలరు. దించుకునే పని మాత్రం నెట్ బాగున్న ఊళ్లో చేసి, పెన్‌డ్రైవ్‌లోనో డిస్క్‌లోనో తెచ్చుకోవాలి.

పర్లాకిమిడి దుకాణదారు (ప్రశ్న అడిగినవారు):

అందరికీ కృతజ్ఞతలు. సర్వర్ ఆలోచన మానుకున్నాను. నెలకు 30 యూనిట్ల లెక్క చూశాక మా అబ్బాయి కూడా అదే మాట అన్నాడు. రామమందిరం గదిలోనే పెడదామని నిర్ణయించాము. డిగ్రీ చదువుతున్న మా వీధి అమ్మాయి ఒకామె తాళం చూసుకోవడానికి ఒప్పుకుంది. మాస్టారు గారు చెప్పినట్లు మొదట మనిషినే కుదుర్చుకున్నాము.

ఇప్పుడు మూడు సందేహాలు మిగిలాయి. ఒకటి, పదిమంది వచ్చి దరఖాస్తులు నింపే చోట వారి ఆధార్ కాగితాలు, పాస్‌వర్డ్‌లు కంప్యూటర్‌లో మిగిలిపోకుండా ఎలా? రెండు, దుకాణం లెక్కలున్న పాత డిస్క్‌ను ఏమి చేయాలి? మూడు, ఇక్కడి పిల్లల్లో కొందరు తెలుగులో, కొందరు ఒడియాలో టైప్ చేయడం నేర్చుకోవాలంటున్నారు, రెండింటికీ రెండు కీబోర్డులు కొనాలా?

బరంపురం గ్రంథాలయ ఉద్యోగిని:

మూడు సందేహాలకూ జవాబు చెప్పగలవారు పైన ఉన్నారు, నేను ఇంకొక పని సూచిస్తాను. రామమందిరం గదికి ఒక పాత స్కానర్ దొరికితే తెచ్చి పెట్టండి. కొత్త విండోస్‌లో డ్రైవర్ దొరకని ఎన్నో పాత స్కానర్లు లైనక్స్‌లో సేన్ అనే ఏర్పాటు వల్ల ఇప్పటికీ పనిచేస్తాయి. కొనే ముందు దాని మోడల్ పేరు సేన్ వారి జాబితాలో ఉన్నదో లేదో చూసుకోవాలి.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మన పర్లాకిమిడి, బరంపురం ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలోవే. ఆ కాలపు దస్తావేజులు, ఉత్తరాలు, పెళ్లి శుభలేఖలు, నాటక సమాజాల కరపత్రాలు తెలుగులో రాసినవి ఎన్నో ఇళ్లలో పెట్టెల అడుగున ఉన్నాయి. ఇప్పటి పిల్లల్లో చాలామంది ఒడియా బడుల్లో చదివినవారు, తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. కాగితం పొడిపొడి అయ్యేలోగా 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేసి, తేదీ, ఇంటిపేరు, ఊరు ఫైలు పేరులోనే రాసి ఉంచితే వాటిని తరువాత ఎవరైనా వెతుక్కోగలరు. మడతల దగ్గర చిరిగే కాగితాన్ని స్కానర్ మూత కింద నొక్కకండి, బల్ల మీద పరచి పైనుంచి ఫోన్‌తో ఫొటో తీయడమే క్షేమం. అచ్చు పుస్తకమైతే టెసరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెలుగు, ఒడియా రెండింటినీ బొమ్మ నుంచి అక్షరాలుగా మారుస్తుంది. తప్పులు వస్తాయి, కంటితో సరిచూడక తప్పదు. చేతిరాత జోలికి మాత్రం దానిని తీసుకుపోకండి.

పుస్తకాలను వికీసోర్స్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయం వంటి చోట అందరికీ అందుబాటులో ఉంచాలంటే హక్కుల సంగతి చూడాలి. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు హక్కు నడుస్తుంది. పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో పనిచేసిన గిడుగు వేంకట రామమూర్తి గారు 1940లో కాలం చేశారు, కాబట్టి వారి రచనలకు ఆ అడ్డంకి ఎప్పుడో తొలగిపోయింది.

బరంపురం మరమ్మతుదారు:

మూడింటికీ వరుసగా చెబుతాను. లైనక్స్ మింట్‌లో లాగిన్ తెరకు సంబంధించిన అమరికల్లో అతిథి సెషన్‌ను అనుమతించే వీలు ఉంది. వచ్చినవారు అతిథిగా ప్రవేశిస్తే, వారు దించుకున్న ఫైళ్లు, బ్రౌజర్‌లో మిగిలిన పాస్‌వర్డ్‌లు అన్నీ లాగౌట్ కాగానే చెరిగిపోతాయి. నిర్వాహకురాలి ఖాతాకు వేరే పాస్‌వర్డ్ పెట్టి, అది ఆ అమ్మాయికీ మీకూ మాత్రమే తెలిసేట్లు చూడండి. స్కాన్ చేసిన దస్తావేజులు కూడా ఆ ఖాతాలోనే ఉండాలి, అతిథి ఖాతాలో దాచినవి మిగలవు. దరఖాస్తు నింపిన ప్రతివారూ తమ ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకో మెయిల్‌కో పంపుకున్న తరువాతే లాగౌట్ చేయాలని గోడమీద పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. లేకపోతే మొదటి వారంలోనే ఎవరో ఒకరు లబోదిబోమంటారు.

పాత డిస్క్‌ను కంప్యూటర్‌తో పాటు ఇవ్వకండి. ఫైళ్లు తొలగించినా, మామూలుగా ఫార్మాట్ చేసినా లోపలి సమాచారాన్ని తిరిగి వెలికితీసే సాధనాలు ఉన్నాయి. ఎస్‌ఎస్‌డీ కొంటున్నారు కాబట్టి పాతదాన్ని విప్పి యూఎస్‌బీ కేసులో పెట్టించుకుంటే మీ ఇంటికి బ్యాకప్ డిస్క్ అవుతుంది. మీది డెస్క్‌టాప్ డిస్క్ కనుక మూడున్నర అంగుళాల కేసు, దానితో వేరే అడాప్టర్ కావాలి. ల్యాప్‌టాప్ డిస్క్ కేసు కొంటే పట్టదు. ముందుగా దాని ఆరోగ్యం చూసుకోండి. మింట్‌లోని డిస్కుల ఉపకరణంలో స్మార్ట్ వివరాలు తెరిస్తే, చెడిపోయి పక్కన పెట్టిన సెక్టార్ల లెక్క కనబడుతుంది. అది సున్నా అయితే నిశ్చింతగా వాడవచ్చు, అంకె నెలనెలా పెరుగుతుంటే లెక్కల ప్రతిని వేరేచోటికి మార్చి దానికి సెలవు ఇవ్వండి.

కీబోర్డు ఒకటే చాలు. ఇన్‌స్క్రిప్ట్ అమరికలో భారతీయ భాషల్లో చాలావాటికి అక్షరాల స్థానాలు చాలావరకు ఒకటే. ఎడమచేతి వైపు అచ్చులు, గుణింతాలు, కుడిచేతి వైపు హల్లులు ఉంటాయి. ఇంగ్లీషు కె మీట నొక్కితే తెలుగులో క, ఒడియాలో దాని క, సిరొంచ వారికి మరాఠీలో దాని క వస్తాయి. హెచ్ దగ్గర ప, ఎల్ దగ్గర త, డి దగ్గర హలంతపు గుర్తు ఉంటాయి. అందువల్ల తెలుగులో వేళ్లు కుదిరిన పిల్లకు ఒడియా టైపింగ్ కొత్తగా మొదలుపెట్టే పని ఉండదు. మింట్‌లోని కీబోర్డు అమరికల్లో ఇంగ్లీషుతో పాటు రెండింటినీ చేర్చి, ఒకదాని నుంచి ఒకదానికి మారడానికి ఒక మీటల జతను ఎంచుకోండి. అక్షరాల స్టిక్కర్లు అంటించవద్దు, వాటిని చూసి కొట్టడం అలవాటైతే వేగం రాదు. పట్టికను కాగితం మీద ముద్రించి మానిటర్ పక్కన తగిలించండి.

గుణుపురం మాస్టారు:

దానికి ఒక చిన్న చేర్పు. మా వైపు సవర పిల్లలు కూడా వస్తారు. 1936లో మంగై గొమాంగో గారు సవర భాషకు రూపొందించిన సోరంగ్ సోంపెంగ్ లిపికి 2012లో కంప్యూటర్లు లిపులను గుర్తించే ప్రమాణమైన యూనికోడ్‌లో చోటు దొరికింది. దాని నోటో అనే ఉచిత ఫాంటును కూడా ఎక్కించి ఉంచితే తెరమీద గళ్లకు బదులు అక్షరాలే కనబడతాయి.

ఇక యూపీఎస్ గురించి ఎవరూ చెప్పలేదు. 600 వీఏ యూపీఎస్‌లలో ఎక్కువగా 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ ఉంటుంది. పెట్టె మొత్తం మార్చకుండా బ్యాటరీ ఒక్కటే మార్పించుకోవచ్చు. కొత్త బ్యాటరీతో పావుగంట దాకా వస్తుంది, దరఖాస్తు మధ్యలో కరెంటు పోతే పని ముగించి ఆపుకోవడానికి అంత చాలు. మీ మూడు నాలుగు వేలలో ఎస్‌ఎస్‌డీ తరువాత డబ్బు దీనికే పెట్టండి, ర్యామ్ వచ్చే ఏడాదైనా కొనవచ్చు.